కుడి నుంచి చదవాల్సిన రిజిస్టరు

మీకు చెబితే బరువు దిగుతుందని కాదు. ఇన్నేళ్లూ మోసిందేమిటో నాకే సరిగా తెలియడం లేదు. పొరపాటా? అబద్ధమా? మొదటిదాన్ని అడ్డం పెట్టుకుని రెండోదాని నుంచి తప్పించుకుంటున్నానేమో అని కూడా అనిపిస్తుంది.

అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో నా చదువు ఆగిపోయింది. కొన్నేళ్లకు జనగామలో ఒక రైతుల సంఘంలో గుమాస్తాగా చేరాను, టెంపరరీగా. పాత రిజిస్టరు ఉర్దూలో ఉండేది. సభ్యుడికో వరుస, వరుసకు ఎనిమిది గళ్లు. పాత గడిలోని మొత్తం కొత్త తెలుగు పుస్తకంలో ఏ పద్దు కిందికి రావాలో చూపే జోడింపు కాగితం తయారు చేయడం నా పని. ఉర్దూలో నాకు అంకెలే తెలుసు. పాత గుమాస్తా గళ్ల పేర్లు వరుసగా తెలుగులో రాసిచ్చి పింఛనుకు వెళ్లిపోయాడు. మొదటిది అమానతు, అంటే సభ్యులు దాచుకున్న డబ్బు. చివరిది జుర్మానా, అంటే తప్పు చేసినవాళ్లతో కట్టించే జరిమానా.

ఉర్దూ కుడి నుంచి మొదలవుతుందని ఎవరికి తెలియదు? నాకూ తెలుసు. అయినా గళ్లను ఎడమ నుంచి లెక్కపెట్టాను. మొత్తాలు కూడితే సరిపోయాయి. పై అధికారి మెచ్చుకున్నాడు.

లింగాల ఘనపూర్ నుంచి ఒక అవ్వ వచ్చింది. భర్త చనిపోయాడు, బావి కోసం ఆయన దాచిన పైసలు కావాలంది. నేను కొత్త పుస్తకం చూసి, అమానతు లేదని, ఆయన జుర్మానా కట్టాడని అందరి ముందూ చెప్పాను. ఆమె గొడవ చేయలేదు. ఏం తప్పు చేశాడో తనకు చెప్పనేలేదని గొణుక్కుంటూ వెళ్లిపోయింది.

ఆ వారంలోనే చూశాను. జుర్మానా కింద దాదాపు ప్రతి సభ్యుడికీ డబ్బుంది. ఇంతమంది తప్పు చేశారా? పాత రిజిస్టరు తీసి గళ్లను కుడి నుంచి లెక్కపెట్టాను; అదంతా అమానతు డబ్బే. కానీ నన్ను పర్మినెంటు చేసే కాగితం పైకి వెళ్లి ఉంది. అది వచ్చేదాకా, అయిదు నెలలు, నోరు మూసుకున్నాను. తర్వాత ఎవరికీ చెప్పకుండా గళ్లు సరిచేసి అవ్వకు కబురు పంపాను.

డబ్బు చేతిలో పెడితే ఆమె దాన్ని చూడనైనా లేదు.

"గాయిన తప్పు మాఫ్ జేసిండ్రా బిడ్డా?"

"మాఫ్ అయింది అవ్వా."

"సల్లగుండుర్రి. ఇగ మా ముసలాయన పానం నిమ్మలమైతది."

నాకు దండం పెట్టింది. నేను ఆ దండం తీసుకున్నాను.

గళ్లు తారుమారయ్యాయి, తప్పు నాది అంటే పోయేదేముంది? ఉద్యోగం అప్పటికే ఖాయమైంది కదా. భయమా, సిగ్గా, ఆ దండం బాగుండి ఊరుకున్నానా? ఎంత తవ్వుకున్నా తేలడం లేదు. పుస్తకంలో దిద్దాను. ఆమె మనసులో దిద్దలేదు. మరుసటి ఏడు ఆమె కూడా పోయిందని విన్నాను.

ఆయన పేరు నాకు గుర్తులేదు. వరుస నంబరే గుర్తుంది, నలభై ఒకటి. ఆయన ఏ తప్పూ చేయలేదు. ఈ మాట ఇప్పటిదాకా ఎవరితోనూ అనలేదు. మీతో అన్నాను.