గంటకో చుక్క: పర్చూరు నుంచి హైదరాబాదు దాకా

ఈ ప్రయాణం మొక్కు తీర్చుకోడానికి చేసింది కాదు, మా ఆడబిడ్డ సుశీల కుడికన్ను కోసం చేసింది. అలాంటి కష్టంతో ఆ దారిన వెళ్ళాల్సినవాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నాను. నేను బడికి పోయినదాన్ని కాదు. మా నాన్న బియ్యం పళ్ళెంలో వేలు పెట్టించి నేర్పిన అక్షరాలే నావి. తప్పులుంటే మన్నించండి.

అది రెండువేల మూడు, మాఘమాసం. పర్చూరుకి ఐదు మైళ్ళలో మా ఊరు. సుశీల మెట్టినిల్లు కూడా అక్కడే, మా వెనక వీధి. కళ్ళంలో మిరపకాయలు ఎండబోసి తాలు ఏరుతుండగా సుడిగాలి లేచి తన కంట్లో దుమ్ము కొట్టింది, ఒక తొడిమ తునక కూడా గుచ్చుకుంది. నేను చెయ్యి పట్టుకుని ఇంట్లోకి తీసుకుపోయి, కార్తీకంలో అమరావతి రేవులో సీసాకి పట్టి దేవుడి గూట్లో పెట్టుకున్న కృష్ణ నీళ్ళతో కడిగాను. ఆ ఒక్కసారే కాదు, మూడు రోజులు రెండు పూటలా కడిగాను. అంతకంటే మంచి నీళ్ళు నాకు తెలియవు.

వారానికి కన్ను ఎర్రగా వాచింది. కంట్లో పుండు పడిందని గుంటూరులో డాక్టరు గారు రెండు వారాలు మందులు వేశారు. తగ్గకపోగా, పుండుకి మించిన నొప్పి వచ్చింది. వెలుతురు చూస్తే అరిచేది. చివరికి ఆయనే, ఇది మామూలు పుండులా లేదమ్మా అని చీటీ రాసి హైదరాబాదు పెద్ద కంటాసుపత్రికి వెళ్ళమన్నారు. తెలియనిది తెలియదని చెప్పి దారి చూపినందుకు ఆయనకి ఇప్పటికీ దణ్ణం పెట్టుకుంటాను. ఆకాశం మబ్బుగా ఉంది, రెండిళ్ళ పంటా కళ్ళం మీదే ఉంది. మగవాళ్ళు కదలడానికి లేదు. మా ఆయన తన చేతిగడియారం నా చేతికి పెట్టారు. అది గాజుల మీదకి జారిపోతూ ఉండేది.

మధ్యాహ్నం రెండింటికి పర్చూరులో బస్సెక్కాం. చిలకలూరిపేటలో మారి, దీపాలు పెట్టేవేళకి గుంటూరులో దిగాం. స్టేషనుకి దగ్గర్లో మా పిన్ని కూతురి ఇంట్లో పడుకుని, తెల్లారకముందే నడికుడి మీదుగా పోయే బండెక్కాం. టిక్కెట్టు మామూలు పెట్టెకే తీసుకున్నాం. మజ్జిగన్నం, నిమ్మకాయ పచ్చడి కట్టుకున్నాం. సుశీల తలమీద తడిగుడ్డ కప్పుకుని మోకాళ్ళ మీదికి వంగి కూర్చుంది. ఎదురుగా మంగళగిరి నేతవాళ్ళు, భార్యాభర్తలు, చీరల మూటతో ఉన్నారు. ఆయన మమ్మల్ని కాసేపు చూసి, ఎండ మీ వైపు కొడుతుందని చెప్పి సీట్లు మార్చుకున్నారు. ఆమె తన ఒళ్ళో మూట సర్ది, "దీనిమీద తల ఆనించమ్మా, కొత్త చీరలైనా పర్లేదు, మరకలు కడిగితే పోతాయి" అంది. మీరు వెళితే పొద్దుటి బండిలో ఎండ పడని వైపు అడిగి కూర్చోండి. కంటి నొప్పివాళ్ళకి అది మందుతో సమానం.

ఎనిమిదిన్నర ప్రాంతంలో కృష్ణ వంతెన వచ్చింది. నేను ఏరు దాటేటప్పుడు చేతులు జోడించకుండా ఎప్పుడూ ఉండలేదు. రూపాయి బిళ్ళ వేసి దణ్ణం పెట్టుకున్నాను. గుడ్డ కింద నుంచి సుశీల అంది: "ఆ నీళ్ళే నీ సంచీలో సీసాలో ఉండగా మళ్ళీ రూపాయెందుకు వదినా."

నిజమే, సీసా నా సంచీలో ఉంది. అంత నొప్పిలోనూ నన్ను ఆటపట్టించడం మానలేదు.

పదకొండు దాటాక సికిందరాబాదులో దిగి ఆటోలో ఆసుపత్రికి చేరాం. చీటీ చూపిస్తే మధ్యాహ్నానికే లోపలికి పిలిచారు. చిన్న వయసు డాక్టరమ్మ. కంటికి మత్తు చుక్క వేసి పైపొరని కొంచెం గీకి, గాజుపలక మీద రాసి పంపించారు. మంచి కన్ను మూసి వేళ్ళు చూపిస్తే సుశీల లెక్కపెట్టలేకపోయింది. దీపం ఉందా లేదా అన్నంతవరకే తెలిసింది. కొంత చూపైనా మిగులుతుందా అని నేను అడిగాను. దేనివల్ల వచ్చిందో తెలిస్తేనే చెప్పగలను అన్నారు.

తర్వాత అడిగారు: "దుమ్ము పడ్డాక కన్ను ఏ నీళ్ళతో కడిగారు?"

నేను నోరు తెరిచేలోపే సుశీల అంది: "బోరు నీళ్ళండి. నేనే కడుక్కున్నాను."

అబద్ధమాడటం తనకి అలవాటు లేదు. చెప్పేసి నా వైపు చూడలేదు. డాక్టరమ్మ రాసుకోబోతున్నారు. ఒక్క నిమిషం ఊరుకుంటే ఎవరికీ తెలిసేది కాదు.

"కాదండి," అన్నాను. "నేను కడిగాను. మూడు నెలలు నిలవున్న ఏటి నీళ్ళు. ఇదిగో సీసా."

తిడతారనుకున్నాను. ఆమె సీసా తీసుకుని వెలుతురుకి పట్టి చూసి, ఎంతో మేలు చేశారమ్మా, ఇప్పుడు దేనికోసం వెతకాలో తెలిసింది అన్నారు. సాయంత్రానికి తేలింది. అది అమీబా అనే జీవి. నీళ్ళలోనూ మట్టిలోనూ దానంతటది బతుకుతుంది, మనిషితో దానికి పనిలేదు. ఏ తొడిమో గీరిన కంట్లో పడితే మాత్రం లోపలికి తొలుచుకుపోతుంది. మందు తగలగానే పెంకు కట్టుకుని దాక్కుంటుందట. అందుకే గంటగంటకీ వెయ్యాలి, నెలల తరబడి ఆపకూడదు. చాలామందికి చూపు కొంతైనా నిలుస్తుంది, మాటివ్వలేను అన్నారు.

మందులు రెండు రకాల చుక్కలు. ఒకటి బజారులో దొరకదు, ఆసుపత్రి మందుల గదిలోనే కలిపి ఇస్తారు. ఈతకొలనుల్లో నీళ్ళు శుభ్రంచేసే మందునే బాగా పలచన చేస్తామని అక్కడి పెద్దాయన చెప్పాడు. సుశీల విని, "నీళ్ళకి వెయ్యాల్సింది నాకు వేస్తున్నారు" అంది. మొదటి మూడు రోజులు రాత్రీ పగలూ గంటకోసారి నర్సులే వేశారు. నాలుగోనాటి నుంచి ఎదురు సందులో గది తీసుకుని నేను వేశాను. గది చిన్నదే, కానీ వేడినీళ్ళు ఇచ్చేవారు, కింద ఇడ్లీలు దొరికేవి. చేతులు సబ్బుతో కడుక్కోవాలి, సీసా మూతి కంటికి తగలకూడదు, ఒక మందుకీ ఇంకోదానికీ ఐదు నిమిషాలు ఎడం ఉండాలి. నిదానంగా చదివితే శివుడి నూట ఎనిమిది నామాలకి ఐదు నిమిషాలు పడుతుంది. నేను అలా లెక్క పెట్టుకునేదాన్ని. ఒకరోజు సుశీల కళ్ళు మూసుకునే, "నాలుగు నిమిషాలకే ముగించావు. మధ్యలో దేవుళ్ళని మింగావా?" అంది. గడియారం చూస్తే నిజంగానే నాలుగే.

వారం తర్వాత డాక్టరమ్మ, సీసా నీళ్ళలో కూడా ఆ జాతి జీవే కనపడిందని చెప్పారు. అయితే మీ కాలవలోనూ తొట్టిలోనూ చూసినా దొరుకుతుంది, ఫలానా చోటి నుంచే వచ్చిందని ఎవరూ చెప్పలేరు అని నా భుజం తట్టారు. సీసా తిరిగిచ్చారు. మిగిలిన నీళ్ళు ఆసుపత్రి ఆవరణలో వేపచెట్టు మొదట్లో పోశాను. గదికి వచ్చాక సుశీలని అడిగాను, ఆ రోజు ఎందుకు అబద్ధం చెప్పావని.

"నిజం చెబితే ఇంటికెళ్ళి ఆ దేవుడి గూటి ముందు మళ్ళీ కూర్చోలేవు కదా," అంది. "నాకు కన్నే పోతుంది. నీకు ఇంకేదో పోతుంది."

నాకు ఏడుపొచ్చింది. మూడు గంటల చుక్క పది నిమిషాలు ఆలస్యమైంది. ఇరవై రోజుల్లో ఆలస్యమైంది అదొక్కటే.

ఇరవయ్యోనాడు దగ్గరగా వేళ్ళు చూపిస్తే, తప్పుతూ అయినా, లెక్కపెట్టింది. మచ్చ ఉంటుంది, ఇంకా ఆరు నెలలు మందు వెయ్యాలి, నెలకోసారి రావాలి, కానీ కన్ను నిలుస్తుంది అన్నారు. చుక్కలు రెండు గంటలకోసారికి తగ్గించారు. మర్నాడు మధ్యాహ్నం మూడున్నర బండికి బయలుదేరాం. మందుసీసాలు చల్లగా ఉండాలని ఫ్లాస్కులో ఐసుముక్కలు వేసి పెట్టుకున్నాం. పక్కన సత్తెనపల్లి ఆమె, మస్తాన్‌బీ గారు, గాజుల వ్యాపారం. నాలుగు గంటల చుక్క వేస్తుంటే చూసి, ఫ్లాస్కు నేను పట్టుకుంటా, నీ చేతులు ఖాళీగా ఉండాలి అని తీసుకుంది. నా గడియారం జారడం చూసి చిన్న సైజు గాజు ఒకటి అడ్డుగా తొడిగింది. ఇవాళ్టికీ అది నా చేతికుంది.

మిర్యాలగూడ దాటాక ఆరైంది. చేతులు కడుక్కుని మొదటి మందు వేశాను, నామాలు మొదలుపెట్టాను. అవి పూర్తయ్యేసరికి బండి చప్పుడు మారింది. వంతెన మీదకి వచ్చాం. నా ఎడమచెయ్యి సుశీల కింది రెప్పని పట్టుకుని ఉంది, కుడిచేతిలో రెండో సీసా. కిటికీ అవతల కృష్ణ. జోడించడానికి చేతులు ఖాళీ లేవు.

సుశీల తల వెనక్కి వాల్చుకునే ఉంది. "నువ్వు మందు వెయ్యి వదినా. దణ్ణం నేను పెడతాలే," అంది.

గుడికి వెళ్ళినా ముందు చెప్పులు ఎక్కడ విడిచిందో చూసుకునే మనిషి, రెండు చేతులూ ఎత్తి జోడించింది. ఏటి వైపు కాదు, మస్తాన్‌బీ గారి వైపు. ఆమె నవ్వుతూ, "ఇటు కాదమ్మా," అంది. "ఎటైనా ఏరేగా," అంది సుశీల. నేను చుక్క వేశాను. కంటి మధ్యలోనే పడింది.

రెప్ప మూసుకుని కొంచెంసేపు ఉండి, మంచి కన్నుకి చెయ్యి అడ్డం పెట్టుకుని కిటికీ వైపు తిరిగింది. ఏరు దాటిపోలేదు ఇంకా. పొద్దు నీళ్ళ మీద వాలుతోంది.

"కింద ఏదో తెల్లగా మెరుస్తంది," అంది. "అదేనా?"

అదే అన్నాను.