పరిచి చూపించే చెయ్యి

బెంగళూరు చిక్కపేటలో ఒక చీరల కొట్టులో పనిచేసే చలపతి చెయ్యి ఒక్క క్షణం ఊరుకోదు. ఎదురుగా కూర్చున్నామె చూపు కాస్త పక్కకు మళ్లిందంటే చాలు, ఎక్కడ లేచి పోతుందోనని ముందున్న చీర మీద ఇంకోటి పరిచేస్తాడు. మాట మాత్రం ఎప్పుడూ మెత్తగానే ఉంటుంది: "చూడక్కా, ఈ అంచు చూడు." ఆదివారం కూతురు హేమతో లాల్‌బాగ్‌కు పోయి, మొదటిసారి ట్రావెల్ వీడియో తీసినప్పుడు కూడా ఆ చెయ్యి అలాగే ఆడింది. "చూడక్కా, ఇది బండ. ఇదిగో చెరువు. ఇది వద్దంటే ఆ చెట్టు చూడు," అంటూ ఫోన్‌ను ఒకదాని మీంచి ఇంకోదాని మీదికి తిప్పేస్తూనే ఉన్నాడు.

తీసింది చూసి హేమ పకపకా నవ్వింది. "ఏం నాయనా, ఏదీ కంటినిండా చూడనియ్యవు? ఈడ ఎవురూ లేసి పోరులే."

చలపతి నవ్వలేదు. తన కుడిచేతిని ఒకసారి తిప్పి చూసుకున్నాడు. తర్వాత చెరువు గట్టున బెంచీ మీద కూర్చుని, మోచేతులు మోకాళ్లకు ఆనించి, ఫోన్‌ను రెండు చేతులా పట్టుకున్నాడు. నీళ్ల పక్కన ఒక కొంగ ఒంటికాలి మీద నిలబడి ఉంది. అది కదల్లేదు, అతని చెయ్యీ కదల్లేదు. ఆ వీడియోలో చాలాసేపు మాటే లేదు. చివర్న మాత్రం అతని గొంతు మెల్లగా వినిపిస్తుంది: "నిదానంగా చూడక్కా. ఇది అమ్మేది కాదు."