హిల్యా తొట్టికి కుళాయి

తార్తు పట్టణం చివర, తోటల కాలనీలో హిల్యా గుడిసె చిన్నదే. చూరు కింది జింకు తొట్టి మాత్రం ఆరువందల లీటర్లది. కాలనీ పంపుల్లో మే నెల దాకా నీళ్లు రావు. ఏప్రిల్లో టమాటా నారు బతకాలంటే ఆ తొట్టిలో పట్టిన వాననీళ్లే దిక్కు.

అందుకే, చలికి తొట్టి పగలకుండా, ఏటా అక్టోబరులో దాన్ని ఖాళీ చేసి, అడుగునున్న కుళాయి తెరిచి ఉంచి, చూరు నుంచి వాననీళ్లు తెచ్చే గొట్టాన్ని పక్కకు తిప్పేది. ఆసుపత్రి బాయిలర్ గదిలో ఇరవై ఎనిమిదేళ్లు పనిచేసిన మనిషి. ఆమె చేతికింద ఏ చలికాలంలోనూ ఒక్క గొట్టం పగల్లేదు.

డిసెంబరు మొదట్లో ఎలుకబోనులు చూద్దామని పట్టణంలోని ఇంటినుంచి బస్సులో వస్తే, కుళాయి మూసి ఉంది. గొట్టం మళ్లీ తొట్టిలోకే తిరిగి ఉంది. నవంబరు వానలకు తొట్టి నిండి, పైన రెండు వేళ్ల మందాన గడ్డకట్టింది. ఆ రాత్రికి మైనస్ పద్దెనిమిది డిగ్రీలని రేడియో చెప్పింది. తెల్లారేసరికి నీళ్లన్నీ గడ్డకట్టి ఉబ్బి, తొట్టి అతుకులు విచ్చుకోవడం ఖాయం.

హిల్యాకు ఒళ్లు మండిపోయింది.

"ఉర్మాస్!"

పక్క తోట ఉర్మాస్ కంచె దగ్గరికొచ్చాడు. అతనికే అరవై దాటాయి, హిల్యాకు ఎనభై.

"ఏంటి పిన్నీ?"

"నా కుళాయి ఎవడు కట్టేశాడు?"

"నేనే. తెరిచి మర్చిపోయావుగా. గొట్టం కూడా పక్కకు పోతే సర్దాను. నీ వయసులో మతిమరుపు మామూలే."

"మతిమరుపా! నువ్వు చీమిడిముక్కుతో బడికెళ్లేనాటికే నేను బాయిలర్లు నడిపాను!"

"మంచికే కదా చేశాను..."

"అడిగి చెయ్యడానికి నోరు పడిపోయిందా?"

"నా పీపా ఏటా చలికాలమంతా నిండుగానే ఉంటుంది. దానికేమైంది?"

"ఏమైందా? నీ పొట్టలాగే ఉబ్బింది, చూసుకో! నిలబడ్డావేం? పోయి నీళ్లు కాచు!"

హిల్యా గొడ్డలి వెనకవైపుతో మంచు పగలగొట్టింది. కుళాయికి గుడ్డలు చుట్టింది. ఉర్మాస్ వేణ్ణీళ్ల కెటిల్ మోసుకొచ్చి వాటిమీద పోశాడు, మళ్లీ కాచాడు, మళ్లీ పోశాడు. మూడో కెటిల్‌కు కుళాయి కదిలింది. ముందు చుక్కలు పడ్డాయి, తర్వాత ధార కట్టింది.

"హమ్మయ్య, తొట్టి బతికింది పిన్నీ."

నీళ్లన్నీ పోయాక హిల్యా గొట్టాన్ని పక్కకు తిప్పి తీగతో కట్టింది. గుడిసెలోంచి రెంచీ తెచ్చి కుళాయినే విప్పేసింది.

"అయ్యో, పీకేశావేం?"

"ఇక నువ్వు ముయ్యడానికేమీ లేదు."

"పోనీ, ఏప్రిల్లో నేనొచ్చి బిగిస్తాలే. నీ చేతులకి..."

"నా తొట్టి జోలికొచ్చావో, ఈ రెంచీ నీ నెత్తినే బిగిస్తాను!"

తడి కుళాయి కోటు జేబులో వేసుకుని, వెనక్కి చూడకుండా బస్సు దారి పట్టింది. జేబు తడిసి చలి తొడలోకి దిగుతున్నా, బస్సు వచ్చేదాకా దాన్ని పిడికిట్లోంచి వదల్లేదు.