కాచని గోదారి నీళ్ళు

కుళాయి నీళ్ళలో క్లోరిన్ వాసన వస్తే అత్తయ్య వాళ్ళ వడ్ల గది గుర్తొస్తుంది. చిన్నప్పుడు సెలవులకి వెళ్ళిన నాకు పచ్చకామెర్లొస్తే అందులో పెట్టి గొళ్ళెం వేసింది.

"మా బుజ్జి వంక చూడకే, నీ చూపుకే అంటుకుంటుంది."

అత్తయ్య కూతురు బుజ్జి కిటికీలోంచి పిలిచినప్పుడల్లా కళ్ళు గట్టిగా మూసుకునేదాన్ని.

నర్సమ్మగారు క్లోరిన్ బిళ్ళలిచ్చి, "కామెర్లు నీళ్ళవల్లేనమ్మా, కాచి తాగండి" అన్నారు.

"గోదారి నీళ్ళండి! కాచేదేంటండి?" అని నవ్వి, అత్తయ్య ఆ బిళ్ళలు నా గది గూట్లో పడేసింది.

బుజ్జికీ కామెర్లొచ్చాయి.

"చూసేశావు కదే!"

"లేదత్తయ్యా, కళ్ళు మూసుకున్నాను."

నమ్మలేదు. తప్పు నా చూపుది కాదని పెద్దయ్యాకే తెలిసింది.

ఇప్పుడు అత్తయ్య మా ఇంటికొస్తే కాచిన నీళ్ళే ఇస్తాను. "చప్పగా ఉన్నాయే" అంటుంది. గ్లాసు ఖాళీ అయ్యేదాకా ఎదురుగా నిలబడి, కళ్ళార్పకుండా చూస్తాను.