నాయిన ఊ కొట్టింది నాకు కాదు

తెలంగాణ వచ్చాక ఒక వానాకాలం మా నాయినకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలుతో పాటు మాట కూడా పడిపోయింది. కొత్తకోట దగ్గరి మా ఊరి నుంచి పాలమూరు దవాఖానకు తీసుకొచ్చాం. ప్రాణానికి ఫికర్ లేదన్నారు డాక్టర్లు. మాట మాత్రం వస్తే రావచ్చు, రాకపోనూ వచ్చు అన్నారు. ఊరి పంచాయితీలన్నీ నోటితోనే తెంపిన మనిషి, మంచినీళ్లకు కూడా చేత్తో సైగ చేస్తుంటే చూడలేకపోయేదాన్ని.

ఆ దవాఖానలో మాట పోయినవాళ్లకు పుస్తకాలు చదివి వినిపించే పిల్ల ఒకతి ఉండేది. అదే ఆమె ఉద్యోగం, దానికోసమే చదువుకొని వచ్చిందట. భుజానికి సంచీ, సంచీ నిండా పెద్దక్షరాల బొమ్మల కథలు. మొదటి రోజే మంచం పక్కకు స్టూలు లాక్కొని, "తాతా, కథ చదువుతా, ఊ కొడ్తవా?" అంది. ఒక వాక్యం చదివి, ఆగి, నాయిన మొహంలోకి చూసేది. మళ్లీ ఒక వాక్యం. నాకు లోలోపల నవ్వొచ్చింది. నేను బడిలో తెలుగు పంతులమ్మను. ఇట్లా ఆగి ఆగి చదివే పిల్లలను నేనైతే బెంచీ ఎక్కించేదాన్ని.

కొన్ని రోజులకు, కథలో పిసినారి షావుకారు గాడిద తప్పిపోయిన చోట, నాయిన గొంతులోంచి "ఊ" అని వచ్చింది.

వార్డంతా సంబరపడింది. పక్క మంచం రోగి భార్య అందరి నోట్లో ఇంత చక్కెర పోసింది. ఆ చక్కెర తింటూ నేనూ నవ్వాను గానీ, లోపల లెక్కలు వేసుకున్నాను. ఒళ్లు తుడిచింది నేను, మలమూత్రాలు ఎత్తి పోసింది నేను, అన్నం మెత్తగా పిసికి పెట్టింది నేను. ఆ మొదటి ఊ నాకు రావాల్సింది.

అసలు ఊ మా ఇద్దరి సొత్తు. చిన్నప్పుడు విత్తనానికి పల్లికాయ ఒలవడానికి నాయినా నేనూ ఇంటి ముందర కూర్చునేవాళ్లం. ఆయన కథ చెప్తుంటే నేను ఊ కొట్టేదాన్ని. ఊ ఆగిందంటే నా నోట్లో విత్తనం గింజలు పడ్డట్టే. "పల్లీలు తింటున్నవా?" అని నెత్తి మీద ఒక్కటి మొట్టేవాడు. ఇప్పుడు మా సొత్తు తీసుకుపోయి ఎవరో పిల్ల ఒళ్లో పోశాడు.

మరునాడు ఆమె రాకముందే, ఆమె మంచం మీద వదిలిపోయిన ఆ షావుకారు కథ పుస్తకమే పట్టుకొని కూర్చున్నాను. షావుకారుకొక గొంతు, గాడిదకొక గొంతు పెట్టాను. ఆమెలాగే ఆగి ఆగి చదివాను కూడా. నాయిన నన్నే చూస్తూ పడుకున్నాడు తప్ప ఊ లేదు. ఆ పిల్ల వచ్చి నోరు తెరవగానే మాత్రం ఊ, ఊ, ఊ. పొరుగింటి పుల్లకూర రుచి అని ఊరికే అన్నారా? ఆమె మీద కళ్లల్లో నిప్పులు పోసుకున్నాను. ఒకరోజు ఆమె సంచీని కాలితో మంచం కిందికి నెట్టేశాను. "మేడమ్, నా సంచి జర చూసిన్రా?" అంటే లేదన్నాను. పుస్తకం లేకున్నా ఆమె నోటికొచ్చిన కథేదో చెప్పింది. దానికీ ఊ కొట్టాడు మా నాయిన!

ఇంటికి పంపే ముందు రోజు ఇక పట్టలేక, ఆ పిల్ల ముందరే అడిగేశాను. "నాయినా, గీ పిల్లకు ఊ కొడ్తవ్, నాకెందుకు కొట్టవ్? నేనేం పాపం చేసిన?"

నాయిన ఎడమ చెయ్యి ఎత్తి నా చేతిలోని పుస్తకం మూసేశాడు. తన నోటి మీద వేలు పెట్టుకొని, తర్వాత నన్ను చూపించాడు. "ను... వ్వు... ఊ," అన్నాడు.

కాసేపటికి గానీ నాకు అర్థం కాలేదు. నాకు ఊ కొట్టడం ఆయన పని కాదు. కథ ఆయనది, ఊ నాది.

"అవ్వ," అన్నాడు.

"ఊ," అన్నాను.

"మేక."

"ఊ."

ముసలవ్వ, ఆమె పొగరుబోతు మేక. పల్లికాయ ఒలిచేటప్పుడు చెప్పిన కథే. ఒక్కో మాటకు ఆయన నుదుట చెమట పడుతోంది. "వాన," అన్నాడు. ఈసారి నేను కొంగుతో ఆయన నుదురు తుడుస్తూ ఊ కొట్టడం మరిచాను. నాయిన ఆగిపోయాడు. నా మొహంలోకి అనుమానంగా చూశాడు. వంకరపోయిన మూతిని కూడదీసుకొని అడిగాడు.

"పల్లీలు... తింటున్నవా?"

ఆ పిల్ల స్టూలు మీంచి ఎగిరి లేచింది. నాయిన ఒక పూర్తి వాక్యం అనడం అదే మొదటిసారి. ఆనందంతో నా భుజం పట్టుకొని, "ఏం పల్లీలు మేడమ్?" అంది.

నేను చెప్పలేదు.