నేననుకున్న రంగే

మా అత్తయ్యకు తప్పు ఒప్పుకోవడం చేతకాదు. అందులోనూ రంగు తప్పిందని ఆమె చేత అనిపించడం బ్రహ్మతరం కూడా కాదు. ఊలు గిన్నెలోంచి ఏ రంగులో పైకి తేలినా సరే, దాన్ని పిండి, వెలుతురుకు పట్టి చూసి, తల పంకించి, "నేననుకున్న రంగే" అంటుంది. గులాబీ అనుకున్నది బూడిదగా వచ్చినా అదే మాట. ఇక ఆ ఊలుతో అల్లినది ఎవరి నెత్తిన పడుతుందోనని మేమంతా బిక్కుబిక్కుమంటూ ఉండేవాళ్లం.

అత్తయ్య కార్డిగన్లు, మఫ్లర్లు, టోపీలు అల్లుతుంది. డిజైన్లన్నీ ఆమె సొంతం. కొట్లో దొరికే రంగు ఊలు చేత్తో కూడా ముట్టదు. తెల్ల ఊలు తెచ్చి ఇంట్లోనే రంగు వేయిస్తుంది. వేసేది మావయ్య. ఆయన ఒక ప్రెస్సులో ప్రూఫ్ రీడరుగా చేసి రిటైరయ్యాడు. తెల్ల కాగితం మీద నల్ల అక్షరాల మధ్య బతికిన మనిషి. ఎవరైనా పెళ్లి పత్రిక ఇస్తే శుభాకాంక్షల కన్నా ముందు అచ్చుతప్పులు చెప్పేవాడు. అలాంటి మనిషి రిటైరయ్యాక కుర్చీలో కూలబడి గోడ గడియారంతో కాపురం మొదలుపెట్టాడు. అత్తయ్య కొన్నాళ్లు చూసి, ఆయన్ని వెనక వరండాలోకి లాక్కెళ్లి, స్టవ్ ముందు నిలబెట్టి, చేతికి గరిటె ఇచ్చింది. అప్పటినుంచి మావయ్య మళ్లీ నిటారుగా నడుస్తున్నాడు. గ్రహణం పట్టింది మా బట్టలకు.

నేను ఉద్యోగంలో చేరినప్పుడు నాకు లేత గులాబీ కార్డిగన్ అల్లి పెడతానంది. వచ్చింది మాత్రం వానలో నానిన అట్టపెట్టె రంగు. అది వేసుకుని ఆఫీసుకు వెళ్లిన రోజు మా మేనేజరు నన్ను ఎగాదిగా చూసి, ఒంట్లో బాగాలేనప్పుడు ఎందుకొచ్చావమ్మా అని మందలించి ఇంటికి పంపేశాడు.

మా నాన్నకు ఎర్ర మఫ్లర్ అని చెప్పి ఇంకేదో ఇచ్చింది. ఆయన అది మెడకు చుట్టుకుని పార్కులో బెంచీ మీద కూర్చుంటే వెనకున్న మొక్కల్లో కలిసిపోయేవాడు. స్నేహితులు పలకరించకుండానే దాటిపోయేవారు.

"ఎరుపు అన్నావు కదే అక్కయ్యా" అని నాన్న ఒకసారి గునిశాడు.

"ఎరుపులో అదొక రకం. నీకు తెలియనప్పుడు మాట్లాడకు" అంది.

ఆ దిక్కుమాలిన రంగుల మీద ఆమె పడే పాట్లు చూస్తే మాకు ఇంకా నవ్వొచ్చేది. రంగు వచ్చాక డిజైన్ మొత్తం మార్చేసేది. అంచుకు పూలు అనుకున్నది గళ్లయ్యేది, గుండ్రటి మెడ కాస్తా కాలరయ్యేది. తర్వాత బొత్తాల కొట్టుకు వెళ్లి, కొట్టువాడి చేత ఉన్న డబ్బాలన్నీ దింపించి, ఆ అట్టపెట్టె రంగుకు అచ్చంగా నప్పే బొత్తాలు ఏరుకొచ్చేది. ఆ శ్రద్ధలో పిసరంత రంగు మీద పెడితే బాగుండునని మా అమ్మ అనేది.

గొడుగు సంగతి సరేసరి. అత్తయ్యకు ఒక పాత గొడుగుంది, చిలక పచ్చది. దాన్ని ఆమె ఎర్ర గొడుగు అంటుంది. చిన్నప్పుడు మేం దాన్ని పట్టుకుని, ఇది ఏం రంగు అత్తయ్యా అని పదే పదే అడిగి, ఆమె ఎరుపనగానే కడుపు పట్టుకుని నవ్వేవాళ్లం. పెద్దయ్యాక కూడా మా నవ్వు పెద్దగా ఎదగలేదు. మొత్తానికి ఇంటిల్లిపాదీ తేల్చిన సంగతి ఒకటే. అత్తయ్యకు రంగులు తెలియవు, పాపం మావయ్య ఆమె చెప్పినట్టల్లా కలిపి ఇస్తున్నాడు. ఈ మాట ఆమె చెవిన పడేలా అనడానికి కూడా మాకు మొహమాటం ఉండేది కాదు.

ఇలా ఉండగా నా బుద్ధి గడ్డి తిని, నేనొక పని చేశాను. పెద్ద బజారులో బట్టల షాపాయన చేత్తో రంగు వేసిన అల్లికల కోసం వెతుకుతున్నాడని తెలిసి, అత్తయ్య గురించి చెప్పాను. పండు మిరపకాయ రంగులో ఒక కార్డిగన్ తెమ్మన్నాడు. బాగుంటే షాపు ముందు అద్దాల కిటికీలో పెడతానని, పక్కనే అల్లినామె పేరు, రంగు వేసినాయన పేరు బోర్డు మీద రాయిస్తానని అన్నాడు.

బోర్డు మాట వినగానే మావయ్య కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఊరందరి పేర్లలో తప్పులు దిద్దాడు గానీ, ఆయన పేరు ఎక్కడా అచ్చు కాలేదు. ఆ వారమంతా తన పేరు ఇంటి పేరుతో సహా ఎలా రాయాలో కాగితాల మీద రాసి చూసుకున్నాడు. అద్దాల్లో పేరు చూసుకోవాలన్న ఆశ ఆయన మొహంలో పసిపిల్లాడి మొహంలో కనపడ్డట్టు కనపడుతోంది.

రంగు వేసే రోజు నేనూ వరండాలోనే ఉన్నాను. మావయ్య చీటీల్లేని డబ్బాల్లోంచి ఒకటి తీశాడు, పొడి కలిపాడు, వెనిగర్ పోశాడు, ఊలు ముంచాడు. కాసేపటికి గరిటెతో పైకెత్తితే బురద పట్టిన ఆకుపచ్చ వచ్చింది. అత్తయ్య దాన్ని ఎప్పటికన్నా కాస్త ఎక్కువసేపే చూసి, "నేననుకున్న రంగే" అంది. నేను నోరు తెరవబోతే నా కాలు తొక్కింది. పొగరు కాకపోతే ఏమిటి అనుకున్నాను.

కార్డిగన్ పూర్తయింది. షాపాయన స్వయంగా ఇంటికి వచ్చాడు. మావయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని ఎదురుగా కూర్చున్నాడు. అత్తయ్య పొట్లం విప్పింది. షాపాయన కార్డిగన్‌ని అటు తిప్పి ఇటు తిప్పి నీళ్లు నమిలాడు.

"అల్లిక అద్భుతంగా ఉందండీ. కానీ నేను ఎరుపు అడిగాను కదా."

"ఇది ఎరుపు కాదా?" అన్నాడు మావయ్య.

మావయ్య కార్డిగన్‌ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లాడు. అచ్చుతప్పు కోసం వెతికినట్టు దాన్ని కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూశాడు. నడుం వంచి, తిరగేసి లోపలివైపు కూడా చూశాడు. అప్పుడు నాకు అర్థమైంది, ఇన్నేళ్లుగా మేం ఎవర్ని చూసి నవ్వాలో కూడా తెలియకుండా నవ్వామని.

అత్తయ్య లేచి ఆయన చేతిలోంచి కార్డిగన్ లాక్కుంది.

"ఆయన ఎరుపే వేశారు. మరీ నాటుగా ఉందనిపించి, ఆయన నిద్రపోయాక నేనే మళ్లీ పచ్చలో ముంచాను. తప్పు నాదే."

జన్మలో ఎన్నడూ తప్పు ఒప్పుకోని మనిషి ఒప్పుకున్న మొట్టమొదటి తప్పు, ఆమె చేయనిది. గిన్నెలోంచి ఆ రంగు పైకి రావడం నేను కళ్లారా చూశాను.

మావయ్య అగ్గి మీద గుగ్గిలమయ్యాడు. "నా ఎరుపుని పాడు చేస్తావా?" అని, షాపాయన ముందే ఆమెను కడిగేశాడు. నలుగురి ముందు మాట పడని అత్తయ్య ఆ తిట్లన్నీ తల వంచుకుని విన్నది. గొంతు పెరిగేకొద్దీ ఆయన మళ్లీ నిటారయ్యాడు.

షాపాయనకు ఏం బోధపడిందో గానీ, ఇంకొకటి చేసి తెమ్మని మర్యాదగా చెప్పి వెళ్లిపోయాడు. నేను వంటింట్లో అత్తయ్యను పట్టుకున్నాను.

"నీకెప్పటినుంచి తెలుసు?"

"ఎర్ర గొడుగు తెచ్చానని మీ మావయ్య ఆ పచ్చ గొడుగు నా చేతికిచ్చినప్పటినుంచి. పెళ్లయిన కొత్తలో."

"చెప్పొచ్చు కదా. మేమంతా నిన్ను ఎన్నెన్ని మాటలన్నామో."

"జీవితమంతా అందరి తప్పులూ పట్టిన మనిషి. ఆయన తప్పు ఆయనకు నన్ను చూపించమంటావా? నాకు రంగులు కనపడవని మీరంటే నాకేం పోయింది, కనపడుతున్నాయిగా" అని, "ఆ కాఫీ పొంగిపోతోంది, ముందు అది దించు" అంది.

నాకు అక్కడే ఆమెను కావలించుకోవాలనిపించింది. కానీ దగ్గరికి వెళ్తే గరిటెతో ఒక్కటిచ్చే రకం.

మర్నాడు మావయ్య కొత్త చట్టం చేశాడు. ఇకమీదట రంగు వేసేటప్పుడు అత్తయ్య వరండా గడప దాటకూడదు. ఆమెను రానివ్వకుండా నేను కాపలా కాయాలి. ఊరికే నిలబడటం దేనికని డబ్బాలు అందించే పని కూడా నాకే అప్పగించాడు. ఆ ఐడియా ముందు రోజు ఆయనకు భోజనం వడ్డిస్తూ ఇచ్చింది ఎవరో నేను చెప్పక్కర్లేదు.

ఆయన ఎరుపు అడిగాడు, నేను ఎరుపు డబ్బా అందించాను. ఊలు గిన్నెలోంచి పైకి వస్తే వరండా అంతా వెలిగిపోయింది. గడప అవతల నిలబడ్డ అత్తయ్య దాన్ని చూసి ఒక్క క్షణం ఊపిరి బిగబట్టింది.

"చూశావా, నువ్వు చెయ్యి పెట్టకపోతే ఎలా వస్తుందో" అన్నాడు మావయ్య.

"ఏమో, నాకైతే పాతదే నచ్చింది" అని మూతి తిప్పింది.

ఇప్పుడు పెద్ద బజారులో అద్దాల వెనక ఎర్ర కార్డిగన్ ఉంది. బోర్డు మీద మావయ్య పేరులో ఒక దీర్ఘం పోయిందని ఆయన షాపాయన చేత రెండోసారి రాయించాడు. బురద పచ్చ కార్డిగన్‌ని అత్తయ్య తానే వేసుకుంటోంది. చూసినవాళ్లు యథాప్రకారం నవ్వుతున్నారు.

మొన్న బోర్డు చూడటానికి ముగ్గురం బయల్దేరుతుంటే చినుకులు మొదలయ్యాయి. అత్తయ్య గుమ్మంలో ఆగి, "అమ్మాయ్, నా ఎర్ర గొడుగు ఇలా ఇవ్వు" అంది. మావయ్య పక్కనే నిలబడి చెప్పులేసుకుంటున్నాడు.

నేను మూలనున్న చిలక పచ్చ గొడుగు తీసి దులిపి, "ఇదిగో అత్తయ్యా, నీ ఎర్ర గొడుగు" అని అందించాను.