ఏడు కెమెరాలు, పదకొండు కాలమ్స్

పాత లాప్‌టాప్‌ను రీసైక్లింగ్‌కి ఇచ్చే ముందు ఫైళ్లు చూస్తుంటే నిన్న ఒక స్ప్రెడ్‌షీట్ బయటపడింది. పేరు ‘కెమెరా ఫైనల్ 4’. తెరవగానే అమెరికాలో మేముండే ట్రాయ్ ఊళ్లోని ఆ చిన్న కెమెరా షాపు కళ్లముందుకు వచ్చింది. ఆ శనివారం మధ్యాహ్నం అక్కడ ఉన్నది నేను, మా ఆవిడ, మమ్మల్ని కార్లో తీసుకొచ్చిన ఆఫీసు మిత్రుడు, షాపు నడిపే అమెరికన్ పెద్దాయన, గాజుబల్ల మీద మూడు కెమెరాలు, నా చేతిలో ఈ షీటు ప్రింటవుట్. బయట మార్చి మంచు బురదగా మారుతోంది.

మొదటిసారి డిజిటల్ ఎస్సెల్లార్, అంటే లెన్సులు మార్చుకునే పెద్ద కెమెరా, కొంటున్నాను. ఏడు మోడళ్లు, పదకొండు కాలమ్స్, ఒక్కో కాలమ్‌కు ఇన్నని మార్కులు. మా కార్ల కంపెనీ ఆఫీసులో బ్రేకుల సప్లయర్‌ని ఎంచుకోవడానికి మేం వాడే పద్ధతే. తొందర ఎందుకంటే, మోకాలి ఆపరేషన్ తర్వాత రెండేళ్లకు మా ఆవిడ ఉగాది ఫంక్షన్‌లో కూచిపూడి చేయబోతోంది. ఒక్క ఐటమ్, ఆరు నిమిషాలు. ఆ తర్వాత మోకాలు ఒప్పుకుంటుందో లేదో డాక్టరే చెప్పలేనన్నాడు. హాల్లో వెలుతురు తక్కువ, ఫ్లాష్ వాడకూడదు, రిహార్సల్లో ఫోన్‌తో తీసినవన్నీ అలికినట్టు వచ్చాయి. ఈసారి ఆమె మొహం స్పష్టంగా పట్టుకుని తీరాలని నిశ్చయించుకున్నాను.

మిత్రుడు ప్రింటవుట్ లాక్కుని చూశాడు. “అన్నా, కారు కొన్నప్పుడు గూడ గిన్ని కాలమ్స్ పెట్టలే గదనే!”

మా ఆవిడ అతని భుజం మీదుగా చదివింది. “బ్యాటరీకి పది, బరువుకి పదిహేను. నేనెక్కడున్నానండీ ఇందులో? డాన్స్ చేసేది బ్యాటరీ కాదుగా!”

“వదినా, నువ్వు మిసిలేనియస్‌ల ఉన్నవ్.”

పెద్దాయన నవ్వలేదు. ఎంత దూరం నుంచి తీస్తావు, వెలుతురెంత ఉంటుంది అని రెండే ప్రశ్నలడిగాడు. నేను మెగాపిక్సెళ్ల గురించి చెప్పబోయాను. ఆయన వినకుండా లోపలికి వెళ్లి, నా షీట్లో ఆరో ర్యాంకు వచ్చిన పాత మోడల్‌కి పొట్టిగా లావుగా ఉన్న లెన్స్ ఒకటి తగిలించి తెచ్చాడు. మసక వెలుతుర్లో పనిచేసేది ఇదీ అని ఆ లెన్స్ మీద వేలితో తట్టాడు. పదకొండు కాలమ్స్‌లో లెన్స్ అనేది లేనేలేదు. కెమెరాతో పాటు ఇచ్చేదే చాలనుకున్నాను.

అయినా నా మొదటి ర్యాంకును వదులుకోబుద్ధి కాలేదు. అది గమనించి మా ఆవిడ బూట్లు విప్పి, షాపు వెనక చీకటి మూలలో సాక్సులతోనే అడుగులు మొదలుపెట్టింది. నోటితోనే తాళం వేసుకుంటూ, కుడి మోకాలిని కాపాడుకుంటూ ఒక్క చుట్టు తిరిగింది. మొదటి ర్యాంకుతో తీస్తే మొహం ఉండాల్సిన చోట పొగ. “ఇంకొక్కసారి,” అన్నాను. ఆమె పెదవి బిగించి మళ్లీ తిరిగింది. ఆరో ర్యాంకుతో తీస్తే కనురెప్పల వెంట్రుకలు లెక్కపెట్టొచ్చు.

“టాపర్ ఫెయిల్ అయిండు,” అన్నాడు మిత్రుడు.

ఆరో ర్యాంకే కొన్నాను. మూడు వారాలు ఆఫీసు నుంచి రాగానే కిటికీల బ్లైండ్స్ దించి, ఆమె ప్రాక్టీసు చేస్తుంటే నలభై నిమిషాలు తీసేవాణ్ణి. ఏ సెట్టింగ్‌కి ఏది చెడిందో రాసుకునేవాణ్ణి. చెడినవే ఎక్కువ. ఒక్కరోజు కూడా మానలేదు.

ఉగాదినాడు ఆమె ఆరు నిమిషాలూ పూర్తిగా ఆడింది. ఆ తర్వాత మోకాలు ఒప్పుకోలేదు. ఇప్పుడు కుర్చీలో కూర్చుని పిల్లలకు నేర్పుతోంది. ఆ సాయంత్రం నేను తీసిన నూట నలభై రెండు ఫొటోల్లో నిలిచినవి మూడు. షట్టర్ తెరుచుకున్నంత సేపే, ఒక్కోదానిలో ఉన్న కాలం సెకనులో రెండువందల యాభయ్యో వంతు. మూడూ కలిపితే 0.012 సెకను.